అక్క ఇచ్చిన మాత్ర

ఏంటే ఆ ఏడుపు? నీకు రక్తం పట్టకపోతే నేనేం చేసేది? మూడు నెలలుగా రోజూ పొద్దున పదింటికి కుట్టుమిషన్ ఆపి మరీ నీ చేతిలో ఐరన్ మాత్ర పెట్టానా లేదా? సొంత అక్కని కాబట్టి చేశాను. ఇంకొకళ్ళయితే పట్టించుకునేవాళ్ళా?

హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర ఉన్నది ఎనిమిదిన్నరే ఉందిట! డాక్టరమ్మ తల పట్టుకుంది. లోపలెక్కడో రక్తం కారుతోందేమో, గొంతులోంచి కెమెరా దింపి చూడాలంటోంది. భయమేస్తోందా? వెయ్యదూ మరి!

పోయిన వారం కళ్ళు తిరిగి ఎవరిదో కోటు గుడ్డ అడ్డదిడ్డంగా కోసేశావు. ఒక్క మాటన్నానా? కత్తెర మాత్రం తీసేసుకున్నాను. కూర్చుని కాజాలు కుట్టుకోమన్నాను. తప్పా?

అబ్బో, ఆ చూపేంటి! రెండేసి మాత్రలు మింగుతానంటే ఆపిందెవరు? విరేచనం నల్లగా అవుతోందని హడలిపోతే, ఆ మాత్రకి అంతేనే, మానకు అన్నదెవరు? నీ కూతురు మిఠాయనుకుని మింగితే ప్రాణం మీదకొస్తుందని సీసా బీరువాలో పెట్టి తాళం వేసిందెవరు? ఆసుపత్రిలో మాత్రలిచ్చిన నర్సమ్మ చెప్పిన ప్రతి ముక్కా నాకు కంఠతా వచ్చు.

ఇందాక డాక్టరమ్మ "రోజూ సరిగ్గా వేసుకుంటున్నావా" అంటే, "మా అక్క మరిచిపోదండీ" అన్నావు చూడు. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది.

సరే, విను. కెమెరా అక్కర్లేదు నీకు. ఆ మాత్ర టీతో వేసుకోకూడదుట. టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదుట. ముందూ వెనకా గంటో రెండు గంటలో ఎడం ఉండాలి, నిమ్మరసంతో అయితే మరీ మంచిది. మొదటి రోజే చెప్పింది నర్సమ్మ. నువ్వు బెంచీ మీద వాలిపోయి ఉన్నావు. నేను విన్నాను.

విని, రోజూ చిక్కటి టీ పెట్టి, పక్కన నిలబడి తాగించాను.

ఎందుకా? ఈ కొట్టు పెట్టింది నేను. ఇరవై ఏళ్ళు కొలతలు తీసిందీ, గుడ్డ కోసిందీ నేను. నువ్వొచ్చి రెండేళ్ళు కాలేదు, ప్రతివాళ్ళూ గుమ్మంలో నిలబడి "చెల్లెలు లేదా, అయితే రేపొస్తాం" అనడమే! టేపు మెడలో వేసుకుని ఎదురుగా నేనున్నాను కదే, నేను మనిషిని కానా? నిన్ను చంపాలనుకోలేదు. లేవకుండా ఉంటే చాలనుకున్నాను.

ఏంటి, కొడతావా? కొట్టు. చెయ్యి లేవట్లేదు కదూ?

రేపటి నుంచి నిమ్మరసంతో వేసుకో. మూడు నెలలకి లేస్తుంది. అప్పుడు కొడుదువుగానీ.