వెల్మా షో పదింటికే రావాలి

నది కరకట్ట తెంచుకుని ఊళ్లో పడ్డ వరదకి మూడో ఏడు. ఒహాయో నది ఒడ్డున, కరకట్ట వీధిలో, భార్య పోయి ఒంటరిగా ఉంటున్న ఆర్విల్ టీగ్ టీవీ స్టేషన్‌కి ఫోన్ చేసి మాట్లాడుతున్నాడు.

"...అదీ మా ఆడవాళ్లందరి మాటమ్మా. వెల్మా కబుర్ల షో మళ్లీ పొద్దున్న పదింటికే వెయ్యండి."

"మీ పేరేమన్నారూ?"

"మిసెస్ ప్రూయిట్."

"నిన్న మిసెస్ గ్రబ్ అన్నారు."

"ఆవిడ వేరు."

"మొన్న చర్చి ఆడవాళ్ల సంఘం."

"వాళ్లు చాలామంది."

"అందరికీ ఒకటే దగ్గు, ఒకటే మగ గొంతు!"

"జలుబమ్మా. ఊరంతా జలుబు."

"తాతా! నేను నాడీన్‌ని. ఏ షో ఎప్పుడెయ్యాలో చూసేది నేనే. ఫోన్లు ఎక్కువొస్తే మా మేనేజరు మనసు మార్చుకుంటాడు, నిజమే. అందుకని మీరొక్కరే ఊరంతా అయిపోతే ఎలా? అసలు పేరు చెప్పండి."

"...ఆర్విల్ టీగ్."

"హమ్మయ్య. ఆర్విల్ గారూ, పదింటికి కోర్టు షో కొన్నాం. వెల్మా మూడింటికి వస్తోందిగా. అదే వెల్మా, అదే సోఫా, అవే ఏడుపులు."

"మూడింటికి కుదరదు."

"పనుందా?"

"నాకేం పని?"

"మరి?"

"మూడింటికి బస్సు."

"ఎక్కడికెళ్తారు?"

"నేనెక్కడికీ వెళ్లను. స్కూలు బస్సు. నడిపేది పక్కింటి ఓపల్."

"ఆవిడకీ మీ టీవీకీ..."

"వరదలో వాళ్ల యాంటెనా కొట్టుకుపోయింది. మీ చానెల్ రాదు. ఆవిడా ఒక్కతే. పాపం, పదింటికి మా ఇంటికొచ్చి చూస్తుంది. అంతే."

"అంతేనా?"

"కాఫీ పెడతాను. తను దాల్చినచెక్క రొట్టె తెస్తుంది. వెల్మా ముందు ఎవడైనా మొగుడు అబద్ధమాడితే ఇద్దరం కలిసి తిడతాం. అంతే."

"మూడేళ్లుగానా!"

"ఆదివారాలు తీసెయ్."

"ఆవిడతో ఎప్పుడైనా... ఏమైనా చెప్పారా?"

"నేను చెప్పేదేముంది? టీవీలో వాళ్లే అన్నీ చెప్పేస్తుంటే."

"అయ్యో తాతా!"

"సోమవారం నుంచి తను రావట్లేదు. ఏమని పిలవను? జడ్జీని చూద్దాం రమ్మననా? నవ్వకు."

"నవ్వట్లేదు... నవ్వుతున్నా, క్షమించండి. మీది కరకట్ట వీధేనా?"

"నీకెలా తెలుసు?"

"చెప్పకూడదు. అబ్బా, చెప్పేస్తా! ఈ వారం మీకంటే ఎక్కువ ఫోన్లు చేసిందొకావిడ. ఓసారి పశువుల డాక్టరునంటుంది, ఓసారి పాస్టరునంటుంది. గొంతు బొంగురు చేసుకుని మరీ! ఆఫీసంతా చుట్టూ చేరి విన్నాం."

"అయితే నాకేం?"

"పొద్దున్న దొరికిపోయింది. పక్కింట్లో టీగ్ గారితో కలిసి చూస్తానంది. యాంటెనా బాగుచేయించుకోవచ్చుగా అన్నాను."

"ఏమంది?"

"వరద తీసిన వారానికే బాగుచేయించిందట. బొమ్మ అద్దంలా వస్తుందట. ఆయనకి మాత్రం చెప్పకమ్మా అంది."

"ఖళ్... ఖళ్..."

"తాతా? ఉన్నారా? మళ్లీ దగ్గా?"

"నాడీన్."

"ఆఁ?"

"ఆ కోర్టు షో అక్కడే ఉండనీ."

మర్నాడు పొద్దున్న ఆర్విల్ నిచ్చెనేసుకుని కప్పెక్కి తన యాంటెనా తనే ఊడబీకాడు. తల దువ్వుకుని, కాఫీ కెటిల్ పట్టుకుని పక్కింటి తలుపు తట్టాడు.

"మా టీవీ రావట్లేదు, ఓపల్. పదింటికేదో కోర్టు షో అట, మీ ఇంట్లో వస్తుందా?"