తొమ్మిదో డబ్బాలో వెంట్రుక

అయాన్ల కిరణం, అంటే విద్యుదావేశమున్న కణాల ధార, ఆ మధ్యాహ్నమే మొదటిసారి యంత్రం ఈ కొస నుంచి ఆ కొసకి చేరింది. క్యాంటీన్‌లో అందరూ టీలు పట్టుకుని సంబరంగా కూర్చున్నారు, ఫిట్టరుగారి మరదలు తప్ప. అయాన్లను ముందుకి తోసే నయోబియం లోహపు డబ్బాలను కడిగే గది ఆమెది. ఆ డబ్బాలో నలక పడిందా, ఇక మొరాయిస్తుంది. నెల కిందట తొమ్మిదోది అలాగే మొరాయించింది, విప్పి చూస్తే లోపల వెంట్రుక. కడిగినవాళ్ళదే తప్పన్నారు. సాయంత్రం చీఫ్‌గారు ఆ మాట రాసిన కాగితం మీద సంతకం పెడితే ఆమె ఆ గది వదలాల్సిందే. నెల రోజులుగా ఆమెకి తిండి సయించడం లేదు.

ఆమె బావ మాత్రం మీసం మెలేస్తూ అందుకున్నాడు.

"నేను చేసింది పెద్దేం కాదండీ, బోల్టులు బిగించాను, అంతే. కాకపోతే డబ్బాల్ని చల్లబరిచే హీలియం లీకైతే, మీటరుకి దొరక్కపోయినా నా చెవికి దొరుకుతుంది."

"చెవికా?" అన్నాడు పంపు మెకానిక్.

"చెవికే. అటు చివర లీకైతే ఇటు చివర నా చెవి దురద పెడుతుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల సున్నాకి రెండొందల అరవై తొమ్మిది డిగ్రీల కింద చలి, వాల్వు బిగుసుకుపోయింది, నేను అరచేతులు రుద్దుకుని ఇలా ఆనించాను, పాపం దానికే మొహమాటమేసి తిరిగింది. చీఫ్‌గారే సాక్షి."

"ఆ రోజు నేను సెలవు," అన్నాడు చీఫ్, టీ ఊదుకుంటూ.

"మనిషి సెలవైనా మనసిక్కడే కదండీ. సరే, ఇవాళ్టి సంగతి వినండి. నా డబ్బాలు దాటిన అయాను ఆగిందా? గోడ దాటి, ఊరు దాటి, భూమి చుట్టొచ్చి, నా వీపు తట్టి, మళ్ళీ తన చోటికెళ్ళి బుద్ధిగా నిలబడింది. తట్టదు మరి? డబ్బా డబ్బాకీ మూసేముందు మాస్కు తీసి, దాని మూతి దగ్గర మొహం పెట్టి, 'నాయనా, పరువు నిలబెట్టు' అని చెప్పి మరీ బిగించాను. మాస్కులోంచి చెప్తే దానికేం వినపడి చస్తుంది?"

అందరూ నవ్వారు. మరదలు నవ్వలేదు.

"తొమ్మిదోదానికీ చెప్పావా బావా?"

"దానికి రెండుసార్లు చెప్పాను. అది కాస్త మొండిది."

ఆమె కోటు జేబులోంచి చిన్న గాజుపలక తీసి చీఫ్ ముందు పెట్టింది. అందులో తొమ్మిదో డబ్బాలో దొరికిన పొట్టి వెంట్రుక, కొసన నలుపు, మొదలు దగ్గర తెలుపు.

"మా గదిలో ఐదుగురం ఆడవాళ్ళమే. మీసానికి రంగేసుకునేవాళ్ళెవరూ లేరండీ. అనుమానముంది గానీ, మాస్కు తీశాడనడానికి ఆధారం లేక, అక్క నొచ్చుకుంటుందని ఊరుకున్నాను."

మీసం మీద చెయ్యి అక్కడే ఉండిపోయింది. చీఫ్ పలకని వెలుతురుకి పెట్టి చూశాడు, మీసం వైపూ చూశాడు. జేబులోంచి ఆ కాగితం తీసి 'కడిగినవాళ్ళు' అన్న మాట కొట్టేసి, పైన 'ఫిట్టరు' అని రాశాడు.

బావ మీసం మీంచి చెయ్యి దించాడు.

"పోనీ, అయాను వీపు తట్టిందన్నా నమ్ముతావా?"

"నమ్ముతాను బావా. మాస్కు పెట్టుకోమని చెప్పడానికే వచ్చుంటుంది."