కార్డు తిరిగిచ్చిన తండ్రి

లైబ్రరీ సహాయ కేంద్రంలో పెద్దాయన సంచిలోంచి లాప్‌టాప్ తీసి, మూత తెరిచి, బల్ల వెనక కూర్చున్న లైబ్రేరియన్ వైపు తిప్పి పెట్టాడు.

“మా అమ్మాయిదమ్మా. ఇక్కడే పరిశోధన చేసేది. రెండు నెలల కిందట యాక్సిడెంట్‌లో పోయింది.”

“అయ్యో... నేనేం చెయ్యగలనండీ?”

“దాని థీసిస్ కావాలి. గైడుగారు దాని పేరుతోనే అచ్చు వేయిద్దామన్నారు. ఆయన దగ్గర మొదటి రెండు అధ్యాయాలే ఉన్నాయట. ఇందులో ఎంత వెతికినా దొరకలేదు.”

“అందులో ఉండదండీ. యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ డ్రైవ్‌లో దాచుకుంటారు. లాప్‌టాప్ పాడైనా రాసింది పోదని, కొత్తగా చేరినవాళ్ళందరికీ నేనే చెబుతుంటాను.”

“అమ్మయ్య! అయితే ఉన్నట్టేగా?”

“లైబ్రరీ కార్డు నడుస్తున్నంతకాలం ఉంటుంది. కార్డు తెచ్చారా?”

“అది ఎప్పుడో ఇచ్చేశానమ్మా. వారం తిరక్కుండానే పుస్తకాలతో పాటు తెచ్చి అప్పగించాను. గడువు దాటితే దానికి నచ్చేది కాదు.”

ఆమె వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

“కార్డు రద్దయిన ముప్పై రోజులకి డ్రైవ్ దానంతటదే ఖాళీ అయిపోతుందండీ.”

“ఇంకెక్కడా కాపీ ఉండదా?”

“ఉండదు.”

“ఆ ముక్క ఆ రోజే చెప్పుంటే కార్డు ఇచ్చేవాణ్ణే కాదు కదమ్మా.”

“ఆఫీసులో ఇచ్చారా? ఎవరు తీసుకున్నారు?”

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆమె ముఖంలోకి చూశాడు.

“మీరేనమ్మా. ఒక్క పుస్తకం కూడా ఆలస్యం కాలేదని మెచ్చుకున్నారు కూడా.”