కప్ప కోసం దిగిన ఓబన్న

ఎర్రకొండ కింద, వంక పక్కన పాడుబడ్డ బావి ఉంది చూడండి, దాని దగ్గరికి గొర్రెలు కూడా పోవు. ఎందుకు పోవో తెలుసునా మీకు? నవ్వొద్దురా గంగులూ, నవ్వేవాళ్లే ముందు జడుసుకునేది.

మా నాయన చిన్నప్పుడు ఆ కొండ మీద ఎండ నేలకు తగలనంత అడివి ఉండెనంట. పొద్దున్నే మబ్బు వచ్చి కొండ మీద కూచునేది, వాన పడితే కొండంతా తాగి, ఎండాకాలం దాకా మెల్లమెల్లగా ఈ బావికి వదిలేది. అట్లాంటి కొండ మీద బొగ్గుల బట్టీలు పెట్టినారు. గొడ్డలి పట్టినోళ్లలో మొదటోడు మనూరి ఓబన్నే, మంచోడే పాపం, కూలి దొరికిందని కొట్టినాడు, అందరూ కొట్టి కొట్టి కొండను బోడి చేసినారు, ఇంక ఆ తర్వాత మబ్బు వచ్చినా కొండను దాటుకుని పోయేది, బావిలో నీళ్లు అడుక్కి దిగిపోయె, చేన్లో చెనిక్కాయ నిలువునా మాడిపోయె.

అప్పుడు ఓబన్న పెండ్లాం సుంకమ్మ పచ్చి బాలింత. బిడ్డకు పోసేదానికి ఇంట్లో చెంబెడు నీళ్లు లేవు. ఊరోళ్లేమో కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోస్తే వానొస్తుందన్నారు. బాగానే ఉంది, కప్ప ఏదీ? ఊరంతా ఎండిపోతే కప్ప యాడుంటాది? బావి అడుగున బురదలో ఒకటి అరుస్తాందంటే, నేను దిగుతానని ఓబన్న మోకు పట్టుకుని దిగినాడు. దొరికింది. దాన్ని ముంతలో పెట్టి, గుడ్డ కట్టి, ముందు దీన్ని లాగండి, దీనికేమన్నా అయితే వాన రాదు, తర్వాత నాకు మోకు వెయ్యండి అన్నాడంట.

ముంత పైకొచ్చింది, అంతలోనే కొండ మీద ఉరిమింది. వాన, నాయనా, ఏండ్లుగా మొహం చూపని వాన! పైనోళ్లు చేతులు చాచి ఎగిరినారు. ఎగురుతా ఉండంగానే, పట్టి ఆపే వేరొక్కటీ లేని ఆ బోడికొండ మీద పడిన నీళ్లు పడినట్టే మట్టినీ రాళ్లనీ నరికిన మొద్దులనీ ఈడ్చుకుని వంకలో దిగి బావిలో పడినాయి. మోకు వేసే సందు కూడా ఇయ్యలేదు. ఓబన్న శవం కూడా దొరకలేదు. సుంకమ్మ ఒక పక్క బిడ్డను, ఒక పక్క ఆ ముంతను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. వచ్చిన నీళ్లన్నా నిలిచినాయా? వారానికల్లా బావి మళ్లీ ఎండింది.

మబ్బు పట్టిన రోజు అటు పోతే బావిలోంచి ఓబన్న అడుగుతాడు. కోపం గీపం ఉండదు, కొండ మీద చెట్లు మొలిచినాయా, మొలిచుంటే మోకు వెయ్యండి, పైకొస్తా, అంటాడు. గొర్రెల తిమ్మప్ప ఒకసారి మొలిచినాయని అబద్ధం చెప్పి మోకు వేసినాడు. మోకు బరువెక్కిందంట. బురద తల ఒకటి గట్టు దాకా వచ్చి, కొండ దిక్కు చూసి, మోకుతో పాటు తిమ్మప్పను కూడా లోపలికి లాక్కుని పోయింది. దూరం నుంచి వాళ్లన్న చూసినాడు, ఊళ్లోకి ఉరికొచ్చి ఇదంతా చెప్పింది ఆయనే.

ఇంక మీరు పోయి ఏం చెప్తారు? అదో, ఆ కొండ ఇప్పటికీ నున్నగానే ఉంది. అబద్ధం ఆడకుండా జవాబు చెప్పే రోజొస్తే అప్పుడు పోండి. అందాకా అటు పోవద్దు.