జర్మనీ దొర పెట్టిన దండం

1979. చిత్తూరు బస్టాండులో ఇద్దరు ఆడవాళ్లు ఐరాల బస్సు కోసం నిలబడి ఉన్నారు. పెద్దామె, మిషన్ స్కూల్లో ఫుట్‌బాల్ నేర్పే జర్మనీ దొర ఇంట్లో వంటమనిషి.

"అక్కా, దొర కోసం వాళ్ల దేశం మనిషి వచ్చినాడంటనే?"

"నిన్న కుంటుకుంటా వచ్చినాడమ్మే. ఆ కాలు విరిచింది మా దొరేనంట."

"అయ్యో! కొట్లాటలోనా?"

"ఆటలో. అప్పట్లో దొర ఆటంటే ఆ దేశమంతా పడి సచ్చేదంట. ఈ వచ్చినాయన్ని పడదన్ని, ఎనక్కి తిరిగి సూడకుండా పోయి గోలు కొట్టినాడు. జనం ఒకటే చప్పట్లు. ఈయన మళ్లీ ఆడలేదు. రెండేండ్లకు దొర కూడా ఆట మానుకోని ఈడికొచ్చేసినాడు."

"మన పిల్లోళ్లకు నేర్పేదానికి!"

"మనోళ్లేమో కాలు తగిలితే సాలు, ఆట ఆపేసి, తగిలినోడిని తాకి కండ్లకద్దుకుంటారు గదా. 'బంతి పోతా ఉండాది, పరిగెత్తండి' అని మొదట్లో అరిచేవాడు. పోనుపోను అరిచేది మానేసినాడు."

"నిన్న ఆయన్ని సూసి దొర ఏం చేసినాడు?"

"గ్రౌండులో అందరూ సూస్తా ఉండంగానే కింద కూర్చోని, ఆ కుంటికాలు తాకి కండ్లకద్దుకున్నాడు."

"ఆయనకేం తెలుస్తుందక్కా అది?"

"తెలీకనే, ఇదేందన్నట్టు సూసినాడు. దొర కండ్లు తుడుసుకోని, మన పిల్లోళ్ల పక్క చెయ్యి సూపించినాడు."