నోట్లో నిప్పు

పందొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవి. కళింగపట్నం దగ్గరి చేపల పల్లె. ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సుకి గుమ్మంలోనే అత్తగారు ఎదురైంది.

"నా సుట్టలన్నీ సేపలు కడిగిన నీళ్ళలో ముంచేసినావేటే? ఎవులిచ్చారు నీకా పెత్తనం?"

"నానే తీసుకున్నాను. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటావు, అది నోరా, పొయ్యా?"

"ఊళ్ళో ఆడోళ్ళందరూ అలాగే తాగుతారు. గాలికి సుట్ట ఆరిపోదు, సేతులకి పనాగదు. మొన్నటిదాకా నువ్వు తాగలేదేటి?"

"తాగినాను! ఆసుపత్రిలో ఉన్న మన పక్కింటి గున్నమ్మకి అంగిట్లో పుండు బొక్క పడిపోయి, గంజి పోస్తే ముక్కులోంచి వచ్చేస్తన్నాది. దాని నోరు కడిగి, బయటికెళ్ళి సుట్ట ముట్టించినాను. నా మీద నాకే అసియ్యమేసినాది. ఇంటికొచ్చి అద్దంలో నా నోరు సూసుకున్నాను."

"ఏటున్నాది?"

"తెల్లమచ్చలు. గున్నమ్మ పుండూ అలాగే మొదలైనాది. ఆ రోజే మానేసినాను. రోగమొచ్చినోళ్ళకి మందులెయ్యడమే నేర్సుకున్నాను గానీ, రాకుండా సూసుకోడం నాకే తెలీనేదు, అత్తా."

"ముందే సెప్పి ఏడవొచ్చు గదే! ఎలుగులోకి రా. నోరు తెరు. ఇంకా తెరు."

"సూసినావు గదా. ఇప్పుడు నీది తెరు."

"నాది తరవాత. ఇదిగో, రొంటిన ఇంకోటి దాసినాను. అలగా సూడకు, దీన్నీ ముంచెయ్యి."