గోనెసంచిలోంచి వచ్చిన కిరీటం

“తాతా, జాతరలో నాయన పెట్టుకునే అమ్మోరి కిరీటం ఎవురు చేసినారు?”

ఎవురు చేసినారా? మీ అవ్వ! నీకు చెప్పలేదా ఎవురూ? అయితే ఆ రికార్డు చేసే ఫోను ఇంకా కొంచెం దగ్గిరికి పెట్టు, నా గొంతు మునుపటి మాదిరి లేదు.

మన డెంకణికోట పక్క జాతరలో అమ్మోరి వేషం కట్టేది మన ఇంటోళ్లే కదమ్మా. మా తాత కట్టినాడు, మా నాయన కట్టినాడు, ఆయన పోయినాక నేను. కిరీటం, తల వెనక కట్టే ప్రభ, అమ్మోరి అదనం చేతులు, కోరలు అన్నీ ఒక చెక్కపెట్టెలో ఉండె. మా తాత కావేరిపట్టణంలో చేయించినాడంట. అప్పుడు ఆడికి బస్సుకు అర్ధరూపాయి... కాదు కాదు, బస్సు యాడిది, ఎద్దులబండి కట్టుకోని పోయినారంట. సరే, అది వదిలెయ్.

నువ్వు అప్పుడు మీ అమ్మ కడుపులో ఉండావు. జాతర ఇంకా నాలుగు దినాలుండంగా ఏనుగులు వచ్చి పడినాయి. రాగుల వాసన పట్టి, పెట్టె ఉండే వెనక రూము గోడ తోసేసినాయి. తెల్లారి చూస్తే పెట్టె లేదు, అంతా చెక్కపేళ్లు. కిరీటం అప్పడం మాదిరి అయిపోయింది. మనుషులకేమీ కాలా, అదే చాలు. అయినా నేను ఆ మట్టిలో కూర్చోని ఏడ్చినాను. ఈ సంవత్సరం వేషం లేదని ఊరికి చెప్పాల. మా అమ్మయితే అన్నమే ముట్టలా. ఎనభై దాటింది ఆమెకు, ఇంకో జాతర చూస్తానో లేదో అని.

అప్పుడు మీ అవ్వ అటక మింద నుంచి గోనెసంచి దింపింది. ఆమెకు ఒక గుణం, ఏదీ పారేయనీదు. విరిగిన గొడుగు, సొట్టపోయిన తపేలా, పాట రాని సీడీలు, పగిలిన గాజులు, అన్నీ ఆ సంచిలోనే. ఎన్ని తూర్లు తిట్టినానో, “ఇల్లా ఇది, పాతసామాన్ల గుజిరీ అంగడా?” అని.

“ఇదో, నీ తల కొలత ఇయ్యి” అనింది.

“ఒసే, ఊరంతా నవ్వుతాది. నడి వీధిలో ఊడి పడితే మానం పోతాది.”

“ఊడితే నన్ను తిట్టు. ఇప్పుడు మాట్లాడకుండా సుమ్నే కూర్చో.”

చింతగింజలు వేయించి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి బంక చేసింది. తపేలా అడుగు కోసేసి, తలకు కుదిరించి, దాని మింద అట్టలు అంటించి గోపురం మాదిరి లేపింది. అట్టల మింద గాజుముక్కలు. గొడుగు కమ్మీలు విప్పి వెనక ప్రభ, ఆ కమ్మీల కొనలకు సీడీలు. మీ అవ్వ తమ్ముడు హోసూరులో కంపెనీ పనికి పోతా ఉండె, ఆయప్ప పాత గ్లౌజులు తెస్తే వాటిలో పరుపు దూది కుక్కి చేతులు చేసింది. కోరలు దేంతో అనుకున్నావు? ఫినాయిలు డబ్బాతో! నవ్వు, నవ్వు. నేనూ నవ్వినాను.

జాతర దినం మంచి ఎండ. మొగానికి పసుపు పూసుకోని, అంతా కట్టుకోని వీధిలోకి వచ్చినాను. ఎండ ఆ సీడీల మింద పడింది చూడూ... ఎట్ల చెప్పేదమ్మా... గోడల మింద, మనుషుల మొగాల మింద రంగులు పారినాయి. పచ్చ, నీలం, ఎరుపు. నేను తల తిప్పితే వీధంతా తిరగతా ఉంది. తప్పెట కొట్టేవాళ్లు కొట్టేది నిలిపేసినారు.

మా అమ్మను పట్టుకోని తెచ్చినారు. పొద్దున “ఒరే, గంజి తాగి పోరా” అని కేకలేసిన మనిషి, నన్ను కన్నతల్లి, రెండు చేతులెత్తి, మట్టిలో సాగిలపడి, “తల్లీ, వచ్చినావా!” అనింది. లేపుదామంటే చేతులు ఆడలా. వేషంలో నోరిప్పకూడదు. కండ్ల నీళ్లు పసుపు మింద కారతా ఉండాయి. ఆ పొద్దు ఆడ నిలబడింది నేనేనా? ఇప్పటికీ తెలీదమ్మా నాకు.

తర్వాత ఊరోళ్లు కొత్తది చేయిస్తామన్నారు, మా అమ్మ ఒప్పుకోలా. ఇప్పుడు మీ నాయన పెట్టుకునేది అదే.

ఆ జాతర దినం సాయంత్రం వేషం ఇప్పేటప్పుడు మీ అవ్వను అడిగినాను. “అంతా నువ్వే అతికించినావు కదా. ఏది దేంతో చేసిందో నీకు తెలుసు. మరి నీకేమి కనపడింది?”

ముడి ఇప్పతానే చెప్పింది.

“యాడ బంక ఊడతాదో అని వెనక నిలబడి చూస్తానే ఉండినా. నువ్వు ఇట్ల తిరిగినావు. అంతే, బంక మరిచిపోయినా. నేనూ మొక్కేసినా.”

చాల్లే, ఇంక ఆ ఫోను ఆపెయ్. ఇట్ల రా, తల వంచు. మీ అవ్వ చెయ్యి నీకు రావాల తల్లీ. సల్లగా ఉండు.